ఫిబ్రవరి ఆఖరి సాయంత్రం

చాలా రోజులుగా ఈ పుటల్లో ఏమీ వ్రాయలేదు. కంటికి శుక్లాల శస్త్రచికిత్స ఒక కారణం, బద్ధకం రెండవది. ఇప్పుడు కలం (అలవాటు కొద్దీ కలం అంటున్నాను, నిజానికి ఇది మీటల పలక) పట్టించినది నా పూర్వ విద్యార్థి ఒకడు.

వాడు నందిగామ దగ్గర పల్లెటూరివాడు. పదవ తరగతిలో నా దగ్గర సంధులు, సమాసాలు చదివి, తరువాత కంప్యూటరు చదువు చదివి, పదకొండేళ్ళుగా అమెరికాలో డాలసులో ఉంటున్నాడు. మొన్న ఒక తెల్లవారుజామున ఫోను చేసి, "మాస్టారూ, ఉద్యోగం పోయింది. మా విభాగం మొత్తాన్నే తీసేశారు. వీసా నిబంధన ప్రకారం అరవై రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మీకే ముందు చెబుతున్నాను" అన్నాడు. అరవై రోజుల ఆ గడువైనా 2017లో వచ్చిన సదుపాయమట, అంతకుముందు అదీ లేదట. ఏమి చెప్పాలో నాకు తోచలేదు. ధైర్యంగా ఉండు నాయనా అన్నాను. ఆ మాట ఎంత తేలికో అన్న తరువాత తెలిసింది.

ఫోను పెట్టేసిన తరువాత నాకు 1983 ఫిబ్రవరి 28 గుర్తుకు వచ్చింది. అది సోమవారం. మా మెట్ట ప్రాంతంలోనే కాదు, రాష్ట్రమంతటా కొన్ని వేల ఇళ్ళలో ఆ సాయంత్రం ఒకే రీతిగా గడిచింది. దానిని గురించి, దాని తరువాత పది నెలలకు జరిగిన మరొక తొలగింపును గురించి, రెండింటినీ దగ్గరగా చూసినవాడిగా వ్రాసిపెట్టాలనిపించింది.

ముందు మాట సంగతి. 'లేఆఫ్' అనే మాటకు మన పత్రికలు 'ఉద్వాసన' అని వ్రాస్తున్నాయి. మనం పూజలో ఆవాహన చేసిన దేవతను పూజానంతరం తిరిగి స్వస్థానానికి వెళ్ళమని సగౌరవంగా సాగనంపడం ఉద్వాసన. వినాయక చవితి పత్రితో అలవాటైన మాటే. షోడశోపచారాలు చేసి, నైవేద్యం పెట్టి, ఆ తరువాత పంపించే మర్యాద అది. ఉద్యోగంలోంచి తీసేయడానికి ఈ మాటను ఎవరు మొదట వాడారో గాని, వాడినవానికి వ్యంగ్యం బాగా తెలిసి ఉండాలి. 'బర్తరఫు' అనేది పారసీకం నుండి వచ్చినది, పక్కకు పెట్టడమని అర్థం. అది నిజాయితీ గల మాట. మరి 'పదవీ విరమణ'? విరమించడం అంటే తానుగా మానుకోవడం. ప్రభుత్వం మాన్పించితే అది విరమణ కాదు, ప్రేరణార్థకం చేర్చి 'విరమింపజేయడం' అనాలి. 1983లో జరిగినది అదే.

ఇంకొక చిన్న సంగతి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ వేరు, రిట్రెంచిమెంటు వేరు. మొదటిది తాత్కాలికం, పని లేనన్నాళ్ళు సగం జీతం ఇచ్చి అట్టేపెట్టుకోవడం. రెండవది శాశ్వతం, పనిచేసిన ఒక్కొక్క సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున ఇచ్చి పంపేయడం. ఇప్పుడు లోకమంతా మొదటి మాటను రెండవ అర్థంలో వాడుతోంది. అయినా నేను చెప్పబోయే రెండు కథలకు ఆ చట్టంతో సంబంధం లేదు. ఒకటి ప్రభుత్వోద్యోగులది, ఒకటి గ్రామాధికారులది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుండి ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 55 సంవత్సరాలు. 1979 అక్టోబరు 29 నుండి దానిని 58 చేశారు. ఆ మూడేళ్ళ పొడిగింపును నమ్ముకుని మధ్యతరగతి కుటుంబాలు లెక్కలు వేసుకున్నాయి. పెద్దపిల్ల పెళ్ళి ఈ ఏడు, చిన్నపిల్ల పెళ్ళి మూడేళ్ళకు, ఇంటి అప్పు నాలుగేళ్ళకు, ఇట్లా. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఏర్పడింది. నెల తిరగకుండా ఫిబ్రవరి 8న విరమణ వయస్సును తిరిగి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. అప్పటికే 55 నిండినవారందరూ అదే నెల 28వ తేదీ సాయంత్రం నుండి విరమించినట్లే. ఇరవై రోజుల వ్యవధి. చదువుకున్న యువకులకు కొలువులు దొరకాలన్నది ప్రభుత్వం చెప్పిన హేతువు. ఆ హేతువులో అసత్యం లేదు. నిరుద్యోగం ఆనాడు ఎంత ఉండేదో నాకు తెలుసు, నేనూ ఆ నిరుద్యోగులలో ఒకడిని. భాషాప్రవీణ, ఆపైన పండిత శిక్షణ పూర్తిచేసి, ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని, బావి దగ్గర నీళ్ళు తోడుతూ కాలక్షేపం చేస్తున్న రోజులు.

ఆ ఒక్క ఉత్తర్వుతో ఇళ్ళకు వెళ్ళినవారు 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవారు మరొక 10,000 మంది. ఈ అంకెలు సుప్రీంకోర్టు తీర్పులో ఉన్నాయి. గుమాస్తాలు, ఇంజనీర్లు, వైద్యులు, మా ఉపాధ్యాయులు, అందరూ అందులో ఉన్నారు.

వారిలో మా తెలుగు మాస్టారు ఒకరు. పేరు వ్రాయను, వారి సంతానం ఇష్టపడకపోవచ్చు. జగ్గయ్యపేటకు కొద్ది దూరంలో, పాలేటికి ఇవతల ఒక ఊళ్ళో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పండితులు. నాకు ఆరు నుండి పది వరకు చదువు చెప్పినవారు. నేను తెలుగు చదవడానికి కారకులు వారే.

వారి జన్మతేదీ కథ వింతైనది. బడి రికార్డులో 1927 అక్టోబరు అని ఉంది. జాతకచక్రంలో మాత్రం విభవ నామ సంవత్సరం మార్గశిరం, అంటే 1928 చివర. చిన్నప్పుడు బళ్ళో వేసేటప్పుడు అక్కడి పంతులుగారు కుర్రవాడి ఎత్తు చూసి ఏదో ఒక తేదీ వ్రాసుకున్నారు. ఆనాడు అందరికీ అంతే. జాతకం లెక్కన చూస్తే ఆ ఫిబ్రవరికి మాస్టారికి 54 ఏళ్ళే. రికార్డు లెక్కన 55 దాటి నాలుగు నెలలు. జాతకానికి కాగితంపై విలువ లేదు. దీనిపై ఆయన ఎవరినీ నిందించగా నేను వినలేదు. "నేను మాత్రం ఎంతమందికి అట్లా వ్రాయలేదురా! జూన్ నెలలో బళ్ళో చేర్చడానికి తల్లి వస్తుంది, ఎప్పుడు పుట్టాడమ్మా అంటే గాలివాన వచ్చిన ఏడు అంటుంది. నేనేదో వ్రాసేవాణ్ణి. వాళ్ళలో ఎవరిని ఎప్పుడు ఇంటికి పంపిస్తానో నాకేం తెలుసు" అన్నారు ఒకసారి.

ఆ 28వ తేదీన నేను ఆ ఊరు వెళ్ళాను. సాయంత్రం సన్మానం. ఆ బళ్ళో ఆ రోజున ముగ్గురు దిగిపోయారు. మూడు దండలు, మూడు శాలువలు, మూడు చేతికర్రలు. చేతికర్ర ఇవ్వాలని ఎవరికి తోచిందో తెలియదు. మా మాస్టారు రోజూ రెండు మైళ్ళు నడిచి బడికి వచ్చే మనిషి. ఆ కర్రను ఆయన జీవితాంతం వాడలేదు, పెరట్లో సొరపాదుకు ఊతంగా పాతారు.

తరువాతి కొన్ని వారాల సంగతి వారి ధర్మపత్ని మా అమ్మగారితో చెప్పగా తెలిసింది. రోజూ తొమ్మిదింటికల్లా స్నానం ముగించి, గంజి పెట్టిన పంచె కట్టుకుని, అరుగు మీదకు వచ్చి నిలబడేవారట. బడి గంట ఆ ఇంటికి వినిపిస్తుంది. ఆ గంట మ్రోగిన తరువాత లోపలికి వచ్చి పంచె మార్చుకునేవారట. కొత్తవారెవరైనా అడిగితే "సెలవులో ఉన్నాను" అనేవారట. రుధిరోద్గారి ఉగాదికి ఆయన పంచాంగ శ్రవణం చేయడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ ఏడు ఆదాయ వ్యయాలు చదివేటప్పుడు తన రాశి దగ్గర ఆగి, నవ్వి, ముందుకు పోయారని చెప్పుకున్నారు.

ఇక్కడ మా ప్రాంతం గురించి రెండు మాటలు చెప్పాలి. కృష్ణా జిల్లా అంటే బయటివారికి మచిలీపట్నం, గుడివాడ, కాలువలు, కొబ్బరిచెట్లు. 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత ఆ డెల్టా అంతా పచ్చబడింది. మా నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట. ప్రత్తి, మిరప, జొన్న, కంది. కృష్ణ మా పక్కనుండే పోతుంది గాని నీళ్ళు పల్లంలో, పొలాలు మెరకలో. మునేరు, పాలేరు, వైరా వానాకాలపు ఏళ్ళు. నాగార్జునసాగరం కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు ఎందుకంత పట్టుబట్టారో ఈ మెట్టలో పుట్టినవానికి విడమరచి చెప్పనక్కరలేదు. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీరు. ఆ నీరు అందిన పొలాల సంగతి వేరు. అందనివారి ఇళ్ళలో నెల జీతం అనేది వానతో సంబంధం లేని ఒకే ఒక్క రాబడి. అందువల్ల డెల్టాలో పొలం ఉన్న మాస్టారికి ఆ ఉత్తర్వు పరువుకు సంబంధించిన విషయమైతే, మా మెట్టలో అది పొయ్యికి సంబంధించిన విషయం. మా మాస్టారికి రెండెకరాల ప్రత్తి చేను, పెళ్ళి కావలసిన ఇద్దరు కూతుళ్ళు, గోడలు లేచి కప్పు పడని ఇల్లు ఉన్నాయి. పింఛను వస్తుంది, నిజమే, కాని అది జీతంలో సగానికి లోపు.

వేసవి దాటాక ఆయన జగ్గయ్యపేటలో ఒక మిర్చి, ప్రత్తి కమీషను కొట్టులో లెక్కలు వ్రాయడానికి కుదిరారు. చిఠ్ఠా, ఆవర్జా. బాలవ్యాకరణం కంఠస్థం చేసిన మనిషి బస్తాల తూకం, తరుగు, కూలి, ధర్మాదాయం వ్రాయడం. మొదట్లో కొట్టు లోపలి గదిలో, బస్తాల వెనుక కూర్చునేవారు. సంతకు వచ్చే రైతులంతా తన శిష్యుల తండ్రులే, వాళ్ళకు కనబడడం ఇష్టం లేక. మిరపఘాటుకు దగ్గు వచ్చేది. నాలుగు నెలలు పోయాక తానే బల్లను వాకిట్లోకి జరిపించుకున్నారు. దానికి కారణం శెట్టిగారు చెప్పగా విన్నాను. ఒక రైతు తూకంలో తేడా వచ్చిందని గొడవ పడుతుంటే, లోపలినుండి మాస్టారు బయటికి వచ్చి చీటీ చదివి లెక్క చెప్పారట. ఆ రైతు చూసి, "మీరున్నారా పంతులుగారూ, ఇక గొడవేముంది" అని వెళ్ళిపోయాడట. మరునాడు శెట్టిగారు బల్ల బయట వేయించబోతే అప్పటికే మాస్టారు వేసుకుని కూర్చున్నారట.

ఇక నా సంగతి. ఇంతవరకు ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. ఆ ఖాళీలను భర్తీ చేస్తూ 1983 జులైలో నాకు తెలుగు పండితుడిగా నియామకపు ఉత్తర్వు వచ్చింది. కవరు విప్పి చూస్తే మా మాస్టారి బడి, మా మాస్టారి కొలువు.

మా ఇంట్లో పండుగ. మా అమ్మ వేదాద్రి నరసింహస్వామికి మొక్కు తీర్చుకుంది. నేను మాత్రం రెండు రోజులు ఉత్తర్వును జేబులో పెట్టుకుని తిరిగాను. చేరకుండా ఉండిపోతే ఆయనకు కొలువు తిరిగి రాదు, వేరొకడు చేరతాడు. చేరితే ఆయన కుర్చీలో నేను కూర్చోవాలి. చివరికి ఉత్తర్వు తీసుకుని కొట్టుకే వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కుర్చీ నాది కాదురా, పరిషత్తుది. కాళ్ళలో ఒకటి పొట్టి, కింద ఏదైనా మడతపెట్టి పెట్టుకో" అన్నారు. తరువాత ఇంటికి తీసుకువెళ్ళి తన బాలవ్యాకరణం ప్రతిని ఇచ్చారు. అంచుల నిండా ఎర్రసిరాతో ఉదాహరణలు. ఏ తరగతి కుర్రాళ్ళకు ఏ ఉదాహరణ రుచిస్తుందో కూడా వ్రాసుకున్నారు. దానితోనే ముప్పై ఆరేళ్ళు బ్రతికాను. ఆయన కోపం చూపించి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో. చూపించలేదు. హాజరు పట్టీలో ఫిబ్రవరి వరకు ఆయన వ్రాత, జులై నుండి నా వ్రాత. మధ్య నాలుగు నెలలు ఎవరిదో లెక్కల మాస్టారిది.

ప్రతి శనివారం సాయంత్రం కొట్టు దగ్గరకు వెళ్ళేవాణ్ణి. ఈ వారం ఏ పాఠం చెప్పావని అడిగేవారు. చెప్పేవాణ్ణి. ఆయనకు అది అవసరమో నాకు అవసరమో ఈనాటికీ తేల్చుకోలేదు.

ఇది ఇట్లా ఉండగా 1984 జనవరి 6, శుక్రవారం నాడు రెండవ ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఆర్డినెన్సు. రాష్ట్రంలో పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులన్నీ రద్దు. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణలో పటేలు, పట్వారీ. సంక్రాంతికి ఇంకా వారం. ఈ వ్యవస్థ ఏనాటిదో చెప్పడం కష్టం. కుంపిణీవారే 1802లో శాశ్వత పైసలాతో పాటు కరణాల విషయమై 29వ రెగ్యులేషను చేశారు. 1895 చట్టం ఈ పదవులను వంశపారంపర్య హక్కుగా గుర్తించింది. తండ్రి తరువాత కొడుకు అనే ఆ నియమం సమానావకాశాలకు విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తెనాలి తాలూకాలోని పెరవలిపాలెం మునసబు పదవి వివాదంలోనే ఆ తీర్పు వచ్చింది. అయినా ఊళ్ళలో ఆచరణ పెద్దగా మారలేదు, 1984 వరకు కరణంగారి అబ్బాయి కరణమే.

మా మేనమామ మునేటి ఒడ్డున ఒక ఊరికి కరణం. ఇక్కడ పక్షపాతం లేకుండా వ్రాయాలి. కరణమంటే రైతుకు భయమే గాని గౌరవం తక్కువ. ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. భూమి ఎవరి పేర ఉందో చెప్పే కాగితం ఒక్కడి ఇంట్లో, ఒక్కడి పెట్టెలో ఉంటే, ఆ ఒక్కడు సాధువైనా ఊరు సాధువనుకోదు. అడంగలు నకలు కోసం మా మామయ్య అరుగు మీద మూడుపూటలు కూర్చున్న రైతులను నేను చిన్నతనంలో చూశాను. కొందరి దగ్గర మామయ్య ఏమీ తీసుకునేవారు కాదు. అందరి దగ్గరా అని చెప్పలేను. రద్దు వార్త రేడియోలో వచ్చిన రాత్రి మా మామయ్య ఊళ్ళో టపాసులు కాల్చారు. అవి పండుగ కోసం కొన్నవేనని మా అత్తయ్య అంటుంది. మామయ్య మాత్రం, "పండుగ వాళ్ళకి వారం ముందే వచ్చింది" అన్నారు.

రెవెన్యూవారు వచ్చి రికార్డులు స్వాధీనం చేసుకున్నారు. అడంగలు, పదో నంబరు ఖాతాలు, గ్రామ పటం. మామయ్య ఒక్కొక్కటీ పేరు చదివి, దస్త్రం గుడ్డ ముడి తానే కట్టి అప్పగించి, పావతి తీసుకున్నారు. ఇనుపపెట్టె ఖాళీ అయింది. తరువాత అందులో అత్తయ్య అప్పడాలు పెట్టుకునేది.

ఈ రెండు తొలగింపులకు ఒక తేడా ఉంది. మాస్టారికి పింఛను ఉంది, భవిష్యనిధి ఉంది, వెనుక సంఘం ఉంది, అందరి సానుభూతి ఉంది. కరణానికి ఇవేవీ లేవు. పార్ట్‌టైం అనే ఒక్క మాటతో పింఛను లేకపోయింది. ఊరి సానుభూతి అసలే లేదు. పైగా నలభై తొమ్మిదేళ్ళ వయసులో మామయ్యకు వచ్చిన విద్య ఒక్కటే, తన ఊరి ఎనిమిది వందల సర్వే నంబర్లు. ఏ గట్టు ఎక్కడ వంకర తిరిగిందో, ఏ చెట్టు ఎవరి భాగంలోకి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. మునేరు దాటితే ఆ విద్య పనికిరాదు. డాలసు కుర్రవాడు అదే మాట అన్నాడు నాతో. తాను పదేళ్ళు నేర్చినది ఆ ఒక్క కంపెనీ యంత్రాంగంలోనే చెల్లుతుందట, బయటికి వస్తే చెప్పుకోవడానికి పేరు కూడా లేదట. ఎనిమిది వందల సర్వే నంబర్ల కథ వాడికి చెప్పాను. ఫోనులోనే నవ్వాడు, ఆ రోజుకు మొదటిసారి.

మామయ్య రెండేళ్ళు ఏ పనీ చేయలేదు. అరుగు మీదకే రాలేదు. తమాషా ఏమిటంటే, అడంగలు కోసం ఊరివాళ్ళు ఇప్పుడు నందిగామ తాలూకా కచ్చేరీకి తిరగవలసి వచ్చింది. బస్సు ఖర్చు, అక్కడ మూడు పూటలు, రేపు రమ్మనడం. ఆ తిరిగినవాళ్ళలో ఒకాయన, టపాసులు కాల్చినవారిలో ఒకడేనని అత్తయ్య గట్టి అభిప్రాయం, మామయ్య దగ్గరకు వచ్చి తన అన్నదమ్ముల పంపకానికి హద్దులు చెప్పమన్నాడు. మామయ్య చెప్పలేదు. మళ్ళీ వచ్చాడు. మూడవసారి, "నందిగామలో స్టాంపు కాగితం కొనుక్కురా, వ్రాసి పెడతాను" అన్నారు. ఆ విధంగా మొదలై, నందిగామ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర వేపచెట్టు కింద దస్తావేజులు వ్రాసేవారిలో ఒకరై, ఇంకో పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశారు. ఆయన వ్రాసిన హద్దుల మీద తగాదా రాలేదని ప్రతీతి. వ్రాతకూలి రేటు ముందే చెప్పి తీసుకునేవారు. కరణంగా ఉన్నప్పటి కంటె ఈ పనిలోనే తనకు నిద్ర బాగా పట్టిందని చివరి రోజుల్లో నాతో అన్నారు. 1990లో ప్రభుత్వం గ్రామ పరిపాలనాధికారులనే పేరుతో ఇంచుమించు అదే పదవిని తిరిగి తెచ్చి, అర్హతలున్న పాతవారిలో కొందరిని తీసుకుంది. మామయ్య దరఖాస్తు పెట్టలేదు.

ఈ పదవి రద్దుకావడం, పేరు మార్చుకుని రావడం మన ప్రాంతపు చరిత్రలో ఒక వరుస. మొన్నమొన్న 2020 సెప్టెంబరులో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాయి. వాళ్ళను మాత్రం 2022లో ఇతర శాఖలలో సర్దారు. అంతకు పూర్వపు సంగతి చూస్తే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారులను గురించినదిగానే మనం చదువుకుంటాం. ఒక్కొక్క ఎస్టేటుతో పాటు ఎంతమంది సంప్రతులు, ఠాణేదారులు, బంట్రోతులు వీధిన పడ్డారో ఎవరూ వ్రాయలేదు. మా బాల్యంలో ముక్త్యాల వైపు అట్టి వృద్ధులు ఇంకా ఉండేవారు, ఎర్రటి పాత తలపాగా పెట్టెలో దాచుకుని. ఇంకా వెనక్కు పోతే 1931లో ఆర్థిక మాంద్యం నాడు బ్రిటిషు ప్రభుత్వం జీతాలలో నూటికి పది కోసింది. మా తాతగారి తరం 'రిట్రెంచిమెంటు' అనే మాటను అప్పుడే నేర్చుకుంది. దానికి తెలుగు వెదకడానికి తీరిక లేక కాబోలు, అట్లాగే వాడారు.

మళ్ళీ మాస్టారి కథకు వస్తాను. విరమింపజేయబడినవారు సంఘంగా కూడి, తలా కొంత చందా వేసుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 జనవరి 18న కె. నాగరాజు కేసులో తీర్పు వచ్చింది. విరమణ వయస్సు నిర్ణయించడం ప్రభుత్వ విధానానికి చెందినది, 55 అనేది అసమంజసం కాదు, కొట్టివేశాం అని. ఆ శనివారం నేను వెళ్ళేసరికి మాస్టారు ఆవర్జా వ్రాసుకుంటూ తల ఎత్తకుండా "ఏ పాఠం చెప్పావు" అన్నారు.

అయితే ఈ మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1984 ఆగస్టులో రామారావు గారి ప్రభుత్వం పడిపోవడం, నెలకు తిరిగి రావడం మీకందరికీ తెలిసినదే. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ నెలరోజులలో, ఆగస్టు 23న, విరమణ వయస్సును తిరిగి 58 చేశారు. తిరిగి వచ్చిన ప్రభుత్వం కూడా 58నే ఉంచుతూ చట్టం చేసింది. కాని మధ్యలో ఇళ్ళకు పోయినవారి సంగతి? వారికి వర్తించదన్నారు. అంటే 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ ఏడాదిన్నర కాలంలో 55 దాటి ఉండడమే వాళ్ళు చేసిన తప్పు. ముందువాళ్ళకూ 58, తరువాతవాళ్ళకూ 58.

ఆ అన్యాయాన్ని బి. ప్రభాకరరావు కేసులో 1985 ఆగస్టు 19న సుప్రీంకోర్టు సరిదిద్దింది. ధర్మాసనంలో జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు ఉన్నారు. 1985 అక్టోబరు 31 నాటికి 58 నిండనివారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలి. నిండేవారికి, 58 వరకు రావలసిన జీతం లెక్కకట్టి, అందిన పింఛను మినహాయించి, నష్టపరిహారం ఇవ్వాలి. సారాంశం అది.

మాస్టారు 1927 అక్టోబరు. అంటే కొన్ని రోజుల తేడాతో కొలువు దక్కలేదు, డబ్బు దక్కింది. ఆనాటి పంతులుగారు నవంబరు అని వ్రాసి ఉంటే తిరిగి బడికి వచ్చేవారు, నేను వేరే ఊరికి బదిలీ అయ్యేవాణ్ణి. విజయవాడ రేడియోలో వార్త విని నేను పరుగున వెళ్ళాను. నిజం చెప్పాలంటే, పరుగెత్తుతున్నప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న ఆయన తిరిగి వస్తారా అనేది కాదు, నా సంగతేమిటి అనేదే. ఆయన అప్పటికే తేదీల లెక్క చూసుకుని ఉన్నారు. నా ముఖం చూసి, "నీ కుర్చీకి ఏం ఢోకా లేదులేరా, అక్టోబరు కాపాడింది" అన్నారు. ఆ మాట అన్నది ఎగతాళికా, ఊరడింపుకా అని నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను.

డబ్బు మరుసటి ఏడు వేసవిలో చేతికి వచ్చింది. వచ్చిన జీతం, మినహాయించిన పింఛను, మిగులు, అంతా కొట్టు ఆవర్జా పద్ధతిలో జమ, ఖర్చు వరుసల్లో వ్రాసి నాకు చూపించారు. పెద్దమ్మాయి పెళ్ళికి శెట్టిగారి దగ్గర తెచ్చిన అప్పు తీర్చారు. మిగిలినదానితో ఇంటికి కప్పు పడింది. కొట్టు పని మాత్రం మానలేదు, ఇంకా ఆరేళ్ళు చేశారు. ఎందుకండీ ఇంకా అంటే, "శెట్టిగారి కొట్టుకి రిటైర్మెంటు వయసు లేదురా" అన్నారు.

నేను 2019 జులైలో అరవై నిండి దిగిపోయాను. 2014లో 60 చేసిన పుణ్యాన రెండేళ్ళు అదనంగా దొరికాయి. 2022 జనవరి నుండి 62 చేశారు, అది నాకు అందలేదు. అందనందుకు ఏమాత్రం బాధపడలేదని వ్రాస్తే అబద్ధమవుతుంది. మా ఊళ్ళూ జిల్లా మారాయి, 2022 ఏప్రిల్ నుండి మాది ఎన్.టి.ఆర్. జిల్లా. మామయ్య ఉండి ఉంటే ఏదో ఒకటి అనేవారు. నా తరువాత ఆ కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది, నా శిష్యురాలు కాదు, చురుకైన పిల్ల. బాలవ్యాకరణం ప్రతిని ఆమెకు ఇద్దామని తీసుకువెళ్ళి, ఇవ్వకుండా తిరిగి తెచ్చుకున్నాను. ఇంకా నా దగ్గరే ఉంది.

ఈ కథంతా డాలసు కుర్రవాడికి మూడు విడతలుగా చెప్పాను. ఇప్పుడు వాడికి నలభై మూడవ రోజు నడుస్తోంది. ఇంట్లో చెప్పాడు. భార్య ముందే గ్రహించిందట, రోజూ తొమ్మిదింటికి గడ్డం గీసుకుని చొక్కా మార్చుకుని గదిలో తలుపు వేసుకుంటున్నాడు గాని మాటలు వినిపించడం లేదని. నిన్న మళ్ళీ ఫోను చేసి రెండు చోట్ల మాట్లాడుతున్నానని చెప్పి, చివర, "మాస్టారూ, మీ మాస్టారి ఇల్లు ఇప్పటికీ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. వారి చిన్నమ్మాయి ఉంటోంది. గోడలకు పగుళ్ళు వచ్చాయి గాని కప్పు మాత్రం నిన్నటి వానకు కూడా కారలేదట.